కొత్త కారుకి టైర్ కవర్ (టైర్లకి విడిగా ఇచ్చే ఇన్సూరెన్స్) తీసుకోవాలా, వద్దా?

మైపాడు_గేటు
వచ్చే వారం కారు డెలివరీ. 1.2 పెట్రోలు, పై వేరియంటు, 16 అంగుళాల అలాయ్‌లు, టైరు సైజు 195/60 ఆర్16. షోరూమ్ వాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో ఇన్సూరెన్స్ కింద జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్ట్, బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్, తాళంచెవి పోతే ఇచ్చే కవర్ ఉన్నాయి. వాటితోపాటు టైర్ కవర్ అని 2,400 వేశారు. కింద విడిగా 'టైర్ అండ్ వీల్ ప్లాన్, 3 ఏళ్లు' అని ఇంకో 6,900 ఉంది. రెండూ ఒకటే కదా, రెండెందుకు అని అడిగితే "అది వేరు సార్, ఇది వేరు, ఈ మధ్య అందరూ తీసుకుంటున్నారు" అన్నాడు. ఏది దేనికి పనికొస్తుందో చెప్పమంటే మాత్రం మేనేజర్‌ని అడిగి చెప్తానన్నాడు.

నా ఉద్యోగం నెల్లూరు దగ్గర కృష్ణపట్నం వైపు. రోజూ ముత్తుకూరు రోడ్డే. పోర్టు లారీల మధ్య ఆ రోడ్డు సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు. వానాకాలం నీళ్లు నిలిస్తే గుంత ఎక్కడుందో కనపడదు. అందుకే ఈ కవర్‌ని పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను. మామూలు ఇన్సూరెన్స్‌లో టైర్లకి అసలేమీ రాదా? వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. శుక్రవారం లోపు డబ్బు కట్టాలి.

కోవూరు_శీన
రెండూ కొట్టేయించు. గాలి సరిగ్గా పెట్టుకుని నిదానంగా పోతే టైరుకి ఏమీ కాదు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ టైరు ఇన్సూరెన్స్ పేరు కూడా ఎత్తలేదు.

ట్రంకురోడ్డు_వాసి
శీనా, మీ బండికి 14 అంగుళాల ఇనుప రిమ్ములు, ఎత్తైన టైర్లు. ఇతను కొనేదానికీ దానికీ పోలిక యాడుందబ్బా? నువ్వు చూడని గుంతలు ముత్తుకూరు రోడ్డులో ఉన్నాయి.

కోవూరు_శీన
అట్టయితే అలాయ్‌లు లేని వేరియంటు కొనమను. సమస్యే ఉండదు.

మైపాడు_గేటు
బుకింగ్ అయిపోయింది శీనన్నా. పైగా మా ఆవిడ ఆ అలాయ్‌లు చూసే ఈ బండికి ఒప్పుకుంది. ఇప్పుడు ఆ మాట ఇంట్లో ఎత్తితే బండే రాదు.

పాలసీ_పద్మజ
నేను ఒంగోలులో మోటారు క్లెయిముల పనే చేస్తాను కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు చెప్తాను.

మామూలు ఓన్ డ్యామేజీ పాలసీలో, అంటే మన బండికి తగిలిన దెబ్బకి డబ్బిచ్చే దాంట్లో, టైర్లు, ట్యూబుల గురించి ఒక షరతు ఉంటుంది. టైరు ఒక్కటే దెబ్బతింటే కంపెనీ ఏమీ ఇవ్వదు. అదే ప్రమాదంలో బండికి కూడా దెబ్బ తగిలితే టైరు మార్చే ఖర్చులో 50 శాతం వరకే ఇస్తుంది. అంటే గుంతలో పడి టైరు పక్కగోడ చీలి, బండికి గీత కూడా పడకపోతే ఆ ఖర్చంతా మీదే. జీరో డెప్ ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. జీరో డెప్ ఉంటే ప్లాస్టిక్, రబ్బరు, రేకు భాగాలకి తరుగు కోయరు, నిజమే. కానీ చాలా పాలసీల్లో టైర్లని అందులోంచి తప్పించే రాస్తారు.

ఆ ఖాళీ కోసమే టైర్ కవర్ అనే యాడ్-ఆన్, అంటే పాలసీకి విడిగా డబ్బు కట్టి కలుపుకునే కవర్, వచ్చింది. బండికి ఏమీ కాకపోయినా టైరు పేలినా, ఉబ్బినా, కోసుకుపోయినా కొత్త టైరుకి డబ్బిస్తుంది. బిగించే కూలి, బ్యాలెన్సింగ్ చాలా పాలసీల్లో కలిసే ఉంటాయి. పంచరు ఖర్చు రాదు. అరుగుదల రాదు. తయారీ లోపానికి రాదు, దానికి టైరు కంపెనీ వారంటీ ఉంది. కంపెనీ ఇచ్చిన సైజు కాకుండా వేరే సైజు వేయించుకుంటే కూడా ఇబ్బందే.

ఇంకో సంగతి. మీకు కొత్త టైరు పూర్తి ధర ప్రతిసారీ రాదు. మామూలుగా టైరు మీది గాడి ఎంత లోతు మిగిలిందో కొలిచి, దాన్ని బట్టి శాతం కడతారు. కొత్తలో 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, అప్పుడు దాదాపు మొత్తం వస్తుంది. సగం అరిగాక సగమే. 1.6 మిల్లీమీటర్ల దగ్గర గాడిలో చిన్న దిమ్మెలు బయటపడతాయి, అక్కడికి వచ్చిందంటే టైరు మార్చాల్సిందే, క్లెయిము మాట ఉండదు. ఏ లోతుకి ఎంత శాతం అనేది ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఆ పట్టిక చూడకుండా డబ్బు కట్టకండి.

మైపాడు_గేటు
పద్మజ గారూ, మరి రిమ్ము? అలాయ్ వంగితే?

పాలసీ_పద్మజ
చాలా టైర్ కవర్లలో రిమ్ము ఉండదు, టైరే. కొన్ని కంపెనీలు టైరు, రిమ్ము కలిపి ఇస్తాయి. పేరు చూసి మోసపోకండి, లోపల చదవండి. ఇక గుంతలో పడి అలాయ్ పగిలితే అది బయటి దెబ్బే కాబట్టి మామూలు ఓన్ డ్యామేజీలోనే క్లెయిము చేయొచ్చు. రిమ్ము బండిలో భాగం. అప్పుడు 'బండికి కూడా దెబ్బ తగిలింది' అనే షరతు తీరుతుంది కాబట్టి, దానితోపాటు పోయిన టైరుకి 50 శాతం అడగొచ్చు. ఈ సంగతి తెలియక టైరూ రిమ్మూ రెండూ సొంత డబ్బుతో వేయించుకునే వాళ్లని చూస్తూనే ఉంటాను, బాధేస్తుంది.

కావలి_మాస్టారు
పద్మజమ్మ చెప్పింది బాగుంది. ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం.

ఆ 2,400 మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 2,832. టైరు ఒక్కటి 7,500 అనుకుందాం. కిందటేడు సెప్టెంబరు 22న, అంటే 2025లో, టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది కాబట్టి పాత ధరలు పట్టుకుని లెక్క వేయకండి. బండి ఎనిమిది నెలలు తిరిగాక టైరు పోయింది, గాడి లోతు ప్రకారం 75 శాతం ఇస్తారు అనుకుంటే 5,625. అందులోంచి తప్పనిసరి కోత, అంటే ప్రతి క్లెయిములో మనమే భరించాల్సింది, తీసేస్తారు, 1500 సీసీ లోపు బండికి 1,000. మిగిలింది 4,625.

ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్. మొదటి ఏడు క్లెయిము లేకపోతే రెండో ఏడు ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. ఆ ప్రీమియం 16,000 ఉంటే 3,200. క్లెయిము చేసిన పాపానికి అది పోయింది. 4,625లోంచి 3,200 పోతే 1,425. దాని కోసం ముందే కట్టింది 2,832. అంటే ఏడాదిలో ఒకే టైరు పోతే, కవర్ లేనివాడికంటే ఉన్నవాడికే ఎక్కువ ఖర్చు. ఒకేసారి రెండు టైర్లు పోతే 11,250లోంచి 1,000, 3,200, 2,832 తీసేయగా 4,218 లాభం. ఒకే గుంతలో ముందుదీ వెనకదీ రెండూ పోవడం జరగని పని కాదు, కానీ రోజూ జరిగేదీ కాదు.

బోనస్ అక్కడితో ఆగదు కూడా. 20, 25, 35, 45, 50 అని మెట్లు. క్లెయిము చేస్తే మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

ట్రంకురోడ్డు_వాసి
మాస్టారు రిటైరైనా లెక్కలు వదల్లేదు. మార్కులు నూటికి నూరు.

అల్లూరు_ఆక్వా
మాస్టారూ లెక్క బాగానే ఉంది గానీ మా సంగతి వేరు. చెరువుల మీదికి పోవాలంటే కట్టల మీద కంకర, గుల్ల, మట్టి. బండి పెద్దది, టైరు ఒక్కోటి 12 వేల పైమాట. కిందటి వానాకాలం కారు తీసుకున్న కొత్తలోనే రాత్రిపూట కల్వర్టు అంచు తగిలి ఎడమవైపు రెండూ పోయాయి. టైర్ కవర్ ఉంది కాబట్టి దాదాపు మొత్తం వచ్చింది. నష్టం చూసే ఇన్సూరెన్స్ సర్వేయరు మర్నాడే వచ్చాడు. గాడి కొలిచాడు, ఫోటోలు తీశాడు, అయిపోయింది. నాకైతే ఆ ఒక్కసారితో కొన్నేళ్ల ప్రీమియం తిరిగొచ్చినట్టే. బండి, తిరిగే దారి బట్టి చూసుకోవాలి, అందరికీ ఒకే మాట కుదరదు.

కోవూరు_శీన
రొయ్యల రేటు ఉన్న ఏడాది నువ్వు టైర్లు కాదు, బండే మార్చేస్తావు రాజన్నా. ఇన్సూరెన్స్ నీకెందుకు?

అల్లూరు_ఆక్వా
రేటు లేని ఏడాది కోసమే శీనా.

చీమకుర్తి_టైర్లు
చీమకుర్తిలో మాది టైర్ల షాపు. మా ముందు రోజంతా గెలాక్సీ గ్రానైట్ రాయి దిమ్మెల లారీలే. క్వారీ దారిలో రాయి పెచ్చులు పడి ఉంటాయి, కత్తిలా ఉంటాయి. రోజూ చూసేది చెప్తాను.

గుంతలో టైరు ఎందుకు పోతుందంటే, గుంత అంచుకీ రిమ్ము అంచుకీ మధ్య పక్కగోడ నలుగుతుంది. లోపల దారాలు తెగుతాయి. పైకి రబ్బరు బాగానే కనిపిస్తుంది. నాలుగు రోజులకి అక్కడ బుడిపెలా ఉబ్బు వస్తుంది. దానికి రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే. ఉబ్బుతో హైవే ఎక్కితే పేలుతుంది.

పక్కగోడ ఎంత ఎత్తుందో చూడండి. మైపాడు గేటు అన్న టైరు 195/60 అంటే 195లో 60 శాతం, 117 మిల్లీమీటర్లు. అదే 165/80 అయితే 132. 195/55 అయితే 107. మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ దెబ్బ ఓర్చుకునేది ఆ ఎత్తే. మా షాపుకి ఉబ్బు వచ్చిందని తెచ్చేవాటిలో ఎక్కువ 55, 60 సిరీసువే. నన్నడిగితే 55 అయితే మొదటి రెండేళ్లు కవర్ తీసుకోవచ్చు. 65, 70, 80 అయితే ఆ డబ్బుతో మంచి ప్రెషర్ గేజి, ఇంట్లో గాలి కొట్టే చిన్న మిషను కొనుక్కోండి. 60 మధ్యలో ఉంది, రోడ్డు బట్టి ఆలోచించుకోవాలి.

గాలి తక్కువుంటే టైరు త్వరగా నలుగుతుంది. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, అందులో రాసిన గాలి పెట్టండి. పొద్దున్నే, బండి తిరగకముందు చూడాలి. మే నెల ఎండల్లో హైవే మీద ఆపి చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీయించేస్తారు, మన వైపు చాలామంది చేసే పని ఇదే. చల్లారాక గాలి తక్కువైపోతుంది, ఆ తర్వాత గుంత తగిలితే టైరు పోతుంది. వేడి మీద గాలి తీయకండి.

పొదిలి_డాక్టరమ్మ
చీమకుర్తి అన్న చెప్పిన రోడ్డే నాది, పొదిలి నుంచి ఒంగోలు. డబ్బు లెక్క అందరూ చెప్తున్నారు, నేను ఇంకో వైపు చూస్తాను. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చేటప్పుడు టైరు పోతే ముందు ఇంటికి ఎలా చేరతాను అనేదే ఆలోచన. కవర్ డబ్బు వారానికో రెండు వారాలకో వస్తుంది, ఆ రాత్రికి పనికిరాదు. నాకు రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ముఖ్యం, స్టెప్నీ ముఖ్యం. కొత్త బండ్లలో కొన్నిటికి స్టెప్నీయే ఇవ్వడం లేదు. టైరు ప్రెషర్ చూపించే పరికరం, పంచరు కిట్టు ఇస్తే స్టెప్నీ లేకపోయినా చెల్లేలా 2020లో రూలు మార్చారు. పక్కగోడ చీలితే ఆ కిట్టు ఎందుకూ పనికిరాదు. డెలివరీ రోజే డిక్కీ అడుగున చూసుకోండి.

మైపాడు_గేటు
స్టెప్నీ ఉంది మేడమ్, కాకపోతే ఇనుప రిమ్ము, చిన్న సైజు.

చీమకుర్తి_టైర్లు
చిన్న సైజు స్టెప్నీతో 80 దాటకండి, షాపు వరకే. దానికీ నెలకోసారి గాలి చూడండి. అవసరం వచ్చిన రోజు తీస్తే సగం స్టెప్నీల్లో గాలి ఉండదు.

గిద్దలూరు_ఘాట్
క్లెయిము ఈజీగా వచ్చిందని ఆక్వా అన్న చెప్పారు. మా బావ సంగతి వినండి. నంద్యాల నుంచి వస్తూ నల్లమల ఘాట్ దిగాక రాయి మీద ఎక్కి టైరు కోసుకుపోయింది. టైర్ కవర్ ఉంది. పిల్లలు వెనక సీట్లో, చీకటి పడుతోంది. గిద్దలూరులో షాపు కనపడితే కొత్త టైరు వేయించి, పాతది అక్కడే వదిలేసి వచ్చాడు. బిల్లు జాగ్రత్తగా దాచాడు. తర్వాత ఫోన్ చేస్తే దెబ్బతిన్న టైరు చూపించాలి, సర్వే కాకుండా మార్చారు కాబట్టి కుదరదు అన్నారు. పిల్లలతో రోడ్డు మీద ఉన్నవాడు సర్వేయరు కోసం ఎట్టా ఎదురు చూస్తాడు? కట్టేటప్పుడు ఈ మాట ఒక్కరూ చెప్పలేదు. అది అన్యాయమే అంటాను.

పాలసీ_పద్మజ
మీ బావగారికి జరిగింది నాకూ కష్టంగానే ఉంది. అలాంటప్పుడు ఏం చేయాలో చెప్తాను. టైరు పోయిన చోటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకోండి. బండి నంబరు కనపడేలా, టైరు మీద దెబ్బ కనపడేలా, గుంతో రాయో కనపడేలా ఫోటోలు, చిన్న వీడియో తీయండి. టైరు పక్కన రాసి ఉండే సీరియల్ నంబరు కూడా. స్టెప్నీ వేసుకుని ఇంటికి పొండి. పాత టైరు డిక్కీలో పెట్టుకోండి, ఎవరికీ ఇవ్వకండి. స్టెప్నీ లేక కొత్తది వేయించుకోవాల్సి వస్తే 'ఇలా ఉన్నాం, వేయించుకుంటున్నాం' అని ఫోన్‌లో చెప్పి, మెయిల్ కూడా పంపండి.

ఇక మీ బావగారు ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. అక్కడ తేలకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది. ఆ తర్వాత హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన ఆంధ్రా కేసులూ అక్కడికే వెళ్తాయి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫోటోలు ఉంటే గట్టిగా అడగొచ్చు.

గిద్దలూరు_ఘాట్
షాపు ముందు తీసిన ఫోటో ఒకటి ఉందనుకుంటా. బావకి ఈ పోస్టు పంపిస్తాను. థాంక్స్ అక్కా.

మాగుంట_లేఅవుట్
మీరందరూ టైరు మీదే పడ్డారు. నెల్లూరులో కారు కొనేవాడు ఆ కొటేషన్‌లో ముందు చూడాల్సింది ఇంజన్ ప్రొటెక్ట్. గట్టిగా రెండు గంటలు వాన పడితే రామలింగాపురం అండర్ బ్రిడ్జి, మా మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి ఎట్టా ఉంటాయో తెలుసు కదా. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీళ్లు పోయి లోపల రాడ్లు వంగుతాయి. మామూలు పాలసీ దాన్ని కట్టదు. టైరు పోతే వేలల్లో, ఇంజన్ పోతే లక్షల్లో. 2021 నవంబరు పెన్నా వరదలప్పుడు హైవే కూడా తెగిపోయిన ఊరు మనది. డబ్బు మిగుల్చుకోవాలంటే టైర్ కవర్ తీసేయ్, ఇంజన్ ప్రొటెక్ట్ మాత్రం ముట్టుకోవద్దు.

కావలి_మాస్టారు
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మన జేబు తట్టుకోలేని నష్టానికి ఇన్సూరెన్స్ కట్టాలి. 7,500 నష్టం నెల జీతంలో సర్దుకుంటుంది. ఇంజన్ అట్లా సర్దుకోదు.

అల్లూరు_ఆక్వా
అందరి నెల జీతంలో 7,500 సర్దుకోదు మాస్టారూ. అప్పు చేసి కారు కొని, ఈఎంఐ కడుతూ, పెట్రోలు పోయించుకునేవాడికి ఒక్క టైరు ఖర్చే ఆ నెల బడ్జెట్ తలకిందులు చేస్తుంది. 2,400 ముందే కడితే మనసు కుదురుగా ఉంటుంది అనుకునేవాణ్ని తప్పు పట్టలేం.

కావలి_మాస్టారు
అది నిజమే నాయనా. కానీ నా లెక్కలో క్లెయిము చేసినా చేతికి మిగిలేది తక్కువ అనేదే నా బాధ. మనసు కుదురు కోసం కట్టే డబ్బు కనీసం అవసరానికి పనికిరావాలి కదా.

పొదిలి_డాక్టరమ్మ
మాస్టారు గారి లెక్కలో బోనస్ కోతే పెద్దది. బోనస్ పోకుండా కాపాడే యాడ్-ఆన్ కూడా ఉంది కదా పద్మజ గారూ?

పాలసీ_పద్మజ
ఉంది, నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్ట్. ఏడాదిలో ఇన్ని క్లెయిముల వరకు బోనస్ తగ్గదు అని ఉంటుంది, దానికి విడిగా కట్టాలి. టైర్ కవర్ కోసమే అది కొంటే మళ్లీ ఖర్చు పెరుగుతుంది. వేరే కారణాలకి ఎలాగూ తీసుకునేవాళ్లకి మాత్రం మాస్టారి లెక్క మారుతుంది, ఒక్క టైరుకి కూడా క్లెయిము చేయడం గిట్టుబాటు. మైపాడు గేటు గారూ, 'టైర్ కవర్ క్లెయిము చేస్తే నా బోనస్ పోతుందా, కోత 1,000 దీనికీ వర్తిస్తుందా' అని ఈ రెండు ప్రశ్నలు కంపెనీకి మెయిల్‌లో అడగండి. షోరూమ్ కుర్రాడి నోటి మాట పట్టుకోకండి, పాపం అతనికీ తెలియదు.

మైపాడు_గేటు
ఇవాళే మెయిల్ పెడతాను. ఆ 6,900 ప్లాన్ గురించి ఎవరూ చెప్పలేదు. 3 ఏళ్లు అంటున్నాడు, టైరూ రిమ్మూ రెండూ అంటున్నాడు. లెక్క ప్రకారం ఏడాదికి 2,300. అది నయం కాదా?

పాలసీ_పద్మజ
ముందు అది ఇన్సూరెన్స్ అవునో కాదో చూడండి. ఇన్సూరెన్స్ యాడ్-ఆన్ అయితే పాలసీ కాగితం మీద ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, ఆ యాడ్-ఆన్‌కి యూఐఎన్ అనే నంబరు ఉంటాయి. పైగా కొత్త కారుకి థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి ఇచ్చే ఇన్సూరెన్స్, 3 ఏళ్లు తప్పనిసరి, 2018 సెప్టెంబరు నుంచి అలా నడుస్తోంది. ఓన్ డ్యామేజీ మాత్రం మామూలుగా ఏడాదికే ఇస్తారు, యాడ్-ఆన్లు దానితోనే ఏడాదికోసారి. అందుకే 3 ఏళ్ల టైరు ప్లాన్ అనగానే నాకు అనుమానం. చాలావరకు అవి వేరే కంపెనీలు షోరూముల ద్వారా అమ్మే సర్వీసు ప్లాన్లు. అలాంటిదైతే రేపు గొడవ వస్తే బీమా భరోసా గానీ, అంబుడ్స్‌మన్ గానీ వినరు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, జిల్లా వినియోగదారుల కమిషన్, ఇవే దారులు.

ప్లాన్లన్నీ చెడ్డవి అనడం లేదు. నిబంధనల కాగితం మొత్తం ముందే ఇమ్మనండి. ఇవ్వకపోతే జవాబు మీకే తెలుస్తుంది.

ట్రంకురోడ్డు_వాసి
ఇన్సూరెన్స్ కూడా షోరూమ్‌లోనే తీసుకోవాలా? మా తమ్ముడికి 'బయట తీసుకుంటే డెలివరీ లేటవుతుంది' అని బెదిరించారు.

పాలసీ_పద్మజ
అక్కర్లేదు. ఎక్కడ తీసుకోవాలో నిర్ణయించుకునే హక్కు కొనేవాళ్లదే. డీలర్ల ద్వారా అమ్మే ఇన్సూరెన్స్‌కి ఐఆర్‌డీఏఐ 2017లో మార్గదర్శకాలు పెట్టింది, బలవంతం చేయకూడదు. బయట అదే కంపెనీ, అవే యాడ్-ఆన్లతో కోట్ తీసుకుని చూపించండి. చాలాచోట్ల వాళ్లే ధర దించుతారు. క్యాష్‌లెస్, అంటే రిపేరు బిల్లు కంపెనీయే నేరుగా కట్టే సంగతి మాత్రం ఆ వర్క్‌షాపుకి ఆ కంపెనీతో ఒప్పందం ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

చీమకుర్తి_టైర్లు
అలాయ్ గురించి ఒక మాట మిగిలింది. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో కొట్టి సరిచేస్తాం. అలాయ్ కొంచెం వంగితే మిషను మీద బెండు తీస్తారు, నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా చేసేవాళ్లు ఉన్నారు. కానీ పగులు వస్తే వెల్డింగు పెట్టించి నడపకండి. డబ్బు మిగులుతుందని చేస్తారు, ప్రాణం మీదికి వస్తుంది. గుంత గట్టిగా తగిలాక 80 దగ్గర స్టీరింగ్ వణికితే, లేదా రెండ్రోజులకోసారి గాలి తగ్గుతుంటే బండి ఎత్తించి రిమ్ము లోపలి వైపు చూపించండి. ఉబ్బు కూడా చాలాసార్లు లోపలి పక్కనే వస్తుంది, బయట నుంచి కనపడదు.

ఇంకోటి, టైరు కంపెనీలు కొన్ని కొన్ని మోడళ్లకి గుంత దెబ్బలకి కూడా కొంతకాలం వారంటీ ఇస్తున్నాయి. బయట కొత్త టైర్లు కొనేటప్పుడు బిల్లు తీసుకుని రిజిస్టర్ చేయించుకోండి. బిల్లు వద్దు, వంద తగ్గించు అనేవాళ్లే ఎక్కువ. తర్వాత వారంటీ అడిగితే మేమేం చేయగలం?

కోవూరు_శీన
ఇంత చదివాక నా మాట కొంచెం మారుస్తున్నా. 6,900 ప్లాన్ కొట్టేయించు. ఇంజన్ ప్రొటెక్ట్ ఉంచు. టైర్ కవర్ నీ ఇష్టం. గాలి మాత్రం సరిగ్గా పెట్టుకో, అది మార్చను.

మైపాడు_గేటు
అప్‌డేట్. షోరూమ్‌లో ప్లాన్ నిబంధనలు అడిగితే 'డెలివరీ తర్వాత కిట్టులో వస్తాయి' అన్నారు. దాంతో 6,900 కొట్టేయించాను. తాళంచెవి కవర్ కూడా తీసేయించాను. బయట అదే కంపెనీ నుంచి కోట్ తెచ్చి చూపిస్తే టైర్ కవర్ 1,500కి దించారు, జీఎస్టీ కలిపి 1,770.

కంపెనీ మెయిల్‌కి జవాబు వచ్చింది. గాడి లోతు పట్టిక పంపారు. కోత 1,000 వర్తిస్తుంది, క్లెయిము చేస్తే బోనస్ పోతుంది అని స్పష్టంగానే రాశారు. రిమ్ము లేదు. బోనస్ ప్రొటెక్ట్ ధర కూడా చెప్పారు గానీ అది వద్దనుకున్నాను. మాస్టారి లెక్కలో 2,832 బదులు 1,770 పెట్టి చూశాను. ఒక్క టైరుకి 345 నష్టం, రెండు పోతే 5,280 లాభం. ముత్తుకూరు రోడ్డుకి ఈ ధర ఫరవాలేదనిపించింది. మొదటి ఏడాదికి తీసుకుంటున్నాను. ఒక్క టైరు పోతే బోనస్ చూసుకుని అడగను, రెండు పోతే అడుగుతాను. ఏడాది తర్వాత రోడ్డు, టైర్లు రెండూ చూసి రెన్యువల్‌లో తీసేయాలో లేదో ఆలోచిస్తాను. ఇంజన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్వాయిస్ ఉంచాను.

కావలి_మాస్టారు
345 సరిగ్గానే ఉంది, మళ్లీ వేసి చూశాను. డెలివరీ రోజు నాలుగు టైర్లు, స్టెప్నీ ఫోటోలు తీసి పెట్టుకో. సీరియల్ నంబర్లు కనపడాలి.

అల్లూరు_ఆక్వా
ఆ ధరకి మంచి నిర్ణయం తమ్ముడూ. మైపాడు బీచికి పోయేటప్పుడు ఇసుకలోకి దించొద్దు, అక్కడ ఏ కవరూ కాపాడదు, ట్రాక్టరు రావాల్సిందే.

ఉలవపాడు_తోట
మధ్యలో వస్తున్నాను, మాది 2019 బండి. రెన్యువల్ వచ్చే నెల. ఇప్పుడు టైర్ కవర్ ఇస్తారా? టైర్లు బండితో వచ్చినవే, గాడి ఇంకా బాగానే ఉంది, తిరిగింది తక్కువ.

పాలసీ_పద్మజ
చాలా కంపెనీలు బండి వయసు చూసి పాత వాటికి ఇవ్వవు. ఇచ్చినా తనిఖీ చేస్తారు. మీ బండికి ఆ ప్రయత్నం అనవసరం.

చీమకుర్తి_టైర్లు
తోట అన్నా, టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని. గాడి ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, మన ఎండలకి పక్కగోడ మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వచ్చి ఉంటాయి. కవర్ సంగతి వదిలేసి, తిరిగింది తక్కువైనా ముందు నాలుగూ ఎవరికైనా చూపించండి. ఒంగోలు వైపు వస్తే మా షాపుకి రండి, చూసినందుకు డబ్బు తీసుకోను.

ఉలవపాడు_తోట
2219 ఉంది. పగుళ్లు కూడా ఉన్నాయి, ఇప్పుడే చూశా. ఆదివారం వస్తాను. మామిడి సీజన్‌లో అయితే ఒక బుట్ట తెచ్చేవాణ్ని.